దొర ఎదుట కుర్చీ

హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో పాత రెసిడెన్సీ భవనం ముందు నిలబడితే మొదట కంటికి ఆనేవి మెట్ల దగ్గర కాపలా ఉన్నట్టు కూర్చున్న సింహాలు, ఆ తరువాత ఎత్తైన స్తంభాలు, వాటి నెత్తిన త్రికోణపు గోడ మీద ఈస్టిండియా కంపెనీ రాజముద్ర. 1803లో ఈ కట్టడం మొదలుపెట్టించిన రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నగరంలోని ఉన్నత ముస్లిం కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఆ పెళ్ళి కోసం ఇస్లాం స్వీకరించాడు. ఈ సంగతిని మన నగరంలో సాధారణంగా ప్రేమకథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ప్రేమ కంటే ఆ తరువాత జరిగినదే ఎక్కువగా గుచ్చుకుంటుంది.

1805లో వాళ్ళ పిల్లలిద్దరినీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. ఇంట్లో పిల్లవాణ్ణి సాహెబ్ ఆలం అని, పాపను సాహెబ్ బేగం అని పిలిచేవారు. మరుసటి ఏడాది లండన్‌లో ఒక చర్చిలో బాప్తిస్మం ఇచ్చి వాళ్ళకు విలియం జార్జ్ అని, కేథరిన్ అరోరా అని కొత్త పేర్లు పెట్టారు. పిల్లల్ని ఓడ ఎక్కించిన ఏడాదే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి కొంతకాలం మచిలీపట్నంలో ప్రవాసంలో గడిపి, 1813లో, కన్నబిడ్డల ముఖం మళ్ళీ చూడకుండానే కన్నుమూసింది. 1841లో, అంటే పిల్లలు వెళ్ళిన ముప్ఫై ఆరేళ్ళకు, నడివయసుకు వచ్చిన కేథరిన్‌కూ హైదరాబాదులో ఇంకా బతికి ఉన్న అమ్మమ్మ షర్ఫున్నీసాకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ ఫారసీలో రాయించింది. మనవరాలికి ఆ భాష ఎప్పుడో పోయింది.

ఈ వ్యవహారంలో దుర్మార్గుడెవరని వెతికితే దొరకడు. కిర్క్‌పాట్రిక్ పిల్లల్ని ప్రేమించినవాడే. కాకపోతే భారతీయ తల్లికి పుట్టిన కొడుకులకు కంపెనీ కొలువులు ఇవ్వరాదన్న నియమం 1791 నుంచి అమల్లో ఉంది. పిల్లలు ఇంగ్లీషువాళ్ళుగా చెలామణీ అయితేనే వాళ్ళకు బతుకు ఉంటుందని ఏ తండ్రయినా లెక్క వేసుకునే కాలం అది. పేరు మార్చడం, మతం మార్చడం, తల్లి భాష నుంచి తెంపడం ఇవన్నీ ముందుచూపు పేరుతో, మంచి మనసుతోనే జరిగాయి. వలసపాలన కాలంలో మతం, మానవ గౌరవం ఎలా ముడిపడ్డాయో అర్థం చేసుకోవడం ఎందుకు కష్టమో ఈ ఒక్క ఇంటి కథ చూస్తే తెలుస్తుంది. ద్వేషం ఉన్నచోట అవమానాన్ని గుర్తుపట్టడం తేలిక. దయ ఉన్నచోట అది కంటికి ఆనదు.

ఈ విషయం మీద తెలుగులో జరిగే వాదనలు చాలావరకు రెండు గాడుల్లో నడుస్తాయి. మిషనరీలు సామ్రాజ్యానికి ముందు నడిచిన దండు అనేది ఒక వాదన. వాళ్ళు రాకపోతే అంటరానివాళ్ళకు అక్షరమే లేదనేది రెండోది. రెండింటికీ ఆధారాలు ఉన్నాయి, అందుకే ఎవరూ ఓడిపోరు, వాదన తెగదు. రెండు వాదనల్లోనూ లోపించేది ఒకటే: అవతలి పక్షాన ఉన్న మనిషి. ఆ మాలవాడ మనిషి, ఆ ఎరుకల తల్లి, ఆ కరణం కొడుకు ఏం కోరుకుని మిషను గుమ్మం తొక్కారు, లోపలికి వెళ్ళాక వాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టారు, ఏ పేరుతో పిలిచారు అన్న ప్రశ్నలు వేస్తే కథ వేరే దారి పడుతుంది.

కంపెనీ వేరు, మిషను వేరు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఈస్టిండియా కంపెనీ క్రైస్తవ మత ప్రచారం కోసం వచ్చిన సంస్థ కాదు సరికదా, చాలాకాలం మిషనరీలను తన రాజ్యంలోకి రానివ్వడానికే ఇష్టపడలేదు. జనం మత విషయంలో కదిలితే వ్యాపారం, శిస్తు రెండూ దెబ్బతింటాయన్నది దాని భయం. బెంగాలులో విలియం కేరీ 1800లో డచ్చివారిదీ ఇంగ్లీషువారిదీ కాని డేనిష్ వారి శ్రీరాంపూర్‌లో స్థిరపడటానికి కారణం ఇదే. 1813లో పార్లమెంటు చార్టర్ చట్టాన్ని సవరించాకనే మిషనరీల రాకపోకలకు చట్టబద్ధమైన దారి తెరుచుకుంది.

అదే కాలంలో కంపెనీ మన దేవాలయాలను ఏం చేసిందో గుర్తు చేసుకుంటే చిత్రం ఇంకా స్పష్టమవుతుంది. 1801 నుంచి 1843 వరకు తిరుమల ఆలయం నిర్వహణ కంపెనీ ప్రభుత్వం చేతిలోనే ఉంది. అక్కడి పాలన ఎలా సాగాలో చెప్పే బ్రూస్ కోడ్ 1821 నాటిది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కావలి కాయడమేమిటని ఇంగ్లండులో మిషనరీ సంఘాలు గగ్గోలు పెట్టాక, 1843లో ఆ బాధ్యతను హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించి కంపెనీ తప్పుకుంది. దేవుడి హుండీ లెక్కలు చూసిన దొరలూ, ఆ లెక్కలు మానమని పోరిన దొరలూ ఒకే దేశం వాళ్ళు, ఒకే మతం వాళ్ళు.

అలాగని మిషను చేతులు శుభ్రంగా ఉన్నాయని కాదు. కంటోన్మెంటు పక్కన చర్చి, కలెక్టరు బంగళా పక్కన మిషను బంగళా, ఏదైనా గొడవ జరిగితే తెల్లవాడి మాటకు ఉండే బరువు ఇవన్నీ మిషనరీకి అడక్కుండానే దక్కిన ఆస్తులు. తుపాకీ తన చేతిలో లేకపోయినా, పక్కింట్లో ఉందని ఊరందరికీ తెలుసు. నిజాం రాజ్యంలో ఈ అల్లిక మరింత చిక్కనిది. ప్రభువు ముస్లిం, ప్రభువు మీద పెత్తనం రెసిడెంటుది, జనంలో ఎక్కువమంది హిందువులు, ఊళ్ళలో అసలు రాజ్యం దేశముఖులదీ పటేల్ పట్వారీలదీ. నగరం నడిబొడ్డున సుల్తాన్ బజారు లాంటి రెసిడెన్సీ బజార్లు 1933 దాకా నిజాం పాలనలో కాక రెసిడెంటు పాలనలో ఉండేవంటే ఈ పొరలు ఎంత దగ్గర దగ్గరగా పేర్చి ఉన్నాయో ఊహించుకోవచ్చు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని ఇదే రెసిడెన్సీ మీద విరుచుకుపడినప్పుడు అది మతం కోసమా, రాజ్యం కోసమా అని విడదీసి అడగడం వాళ్ళకు అర్థమయ్యే ప్రశ్నే కాదు.

మరొక పొర మనది. తెల్లవాళ్ళు రాకముందే ఇక్కడ మనిషికీ మనిషికీ మధ్య గజాల లెక్కన దూరం కొలిచే పద్ధతి ఉంది. తెలంగాణ పల్లెల్లో దేశముఖు కూడా దొరే, తెల్ల పాదిరీ కూడా దొరే. ఒకే మాట ఇద్దరికీ సరిపోయిందంటే ఆ మాట పలికే మనిషి నిలబడిన చోటు మారలేదని అర్థం. నీ బాంచన్ కాల్మొక్త అని ఒకరి ముందు వంగిన నడుము మరొకరి ముందు నిటారుగా నిలబడగలిగిందా అన్నదే అసలు పరీక్ష.

బందరు బడి, ఒంగోలు గుమ్మం

ఈ పరీక్షకు రెండు ఊళ్ళు రెండు రకాల జవాబులు ఇచ్చాయి. 1841లో మచిలీపట్నం వచ్చిన ఆంగ్లికన్ మిషనరీ రాబర్ట్ నోబుల్ రెండేళ్ళకు అక్కడ బడి తెరిచాడు. పై కులాల పిల్లల్ని ముందు ఆకట్టుకుంటే వాళ్ళ వెనక మిగతావారు వస్తారన్నది ఆయన లెక్క. ఆ లెక్క ప్రకారం పంచముల, అంటే అంటరానివాళ్ళన్న ముద్ర పడిన కులాల, పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. దేవుడి ముందు అందరూ సమానమని బోధించే బల్ల ముందు కూర్చోవడానికి కులం అర్హత అయింది. నోబుల్ నిజాయితీని శంకించనక్కర్లేదు, జీవితమంతా ఆ బడికే ధారపోసి 1865లో అక్కడే చనిపోయాడు. కానీ ఆయన ఎంచుకున్న ఎత్తుగడ ఆ ఊరి కట్టుబాటునే బడిలోకి కూడా తెచ్చింది.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు జాన్ ఎవరెట్ క్లౌకూ మొదట పై కులాలవారి ఆదరణే దొరికింది. అంతలో మాదిగవాడ నుంచి మనుషులు రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేం రామని పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ తరువాత చెప్పుకున్న వృత్తాంతం ప్రకారం ఆయన ఒక గదిలో, భార్య వేరొక గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలింది. లోకం తృణీకరించినవారినే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మాట అది. ఈ యాదృచ్ఛికాన్ని ఎవరి నమ్మకం కొద్దీ వారు అర్థం చేసుకోవచ్చు. నేను గమనించేది మరొకటి. ఆ నిర్ణయం క్లౌ గదిలో జరగడానికి ముందే తాళ్ళకొండపాడులో జరిగిపోయింది.

ఆ ఊరి యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. క్రైస్తవం గురించి వినకముందే ఆయన ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం అభ్యసించినవాడు. పోతులూరి వీరబ్రహ్మం పేరు తలుచుకునే, కులాన్ని ధిక్కరించే అచల, యోగ సంప్రదాయాలు ఆ ప్రాంతం వాడల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు కొత్త బోధ చెవిన పడింది. దాన్ని తనకు తెలిసిన పాత బోధతో పోల్చుకుని, తూచుకుని, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. క్లౌ పేరయ్యను వెతుక్కుంటూ పోలేదు, పేరయ్యే మిషనును వెతుక్కుంటూ వచ్చాడు. మతమార్పిడి చరిత్రల్లో తరచు మిషనరీ కర్తగా, మతం మారినవాడు కర్మగా వాక్యం నడుస్తుంది. ఇక్కడ ఆ వ్యాకరణాన్ని తిరగేయక తప్పదు.

చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. ఈ మూడూ భక్తి నియమాల్లాగే కనిపిస్తాయి. పల్లె కట్టుబాటు తెలిసినవాడికి మాత్రం వీటి వెనక ఎంత అలజడి ఉందో వెంటనే తడుతుంది. ఆదివారం పని చేయనన్న మాదిగ వారంలో ఒక రోజు వెట్టి నిరాకరిస్తున్నాడు. చచ్చిన గొడ్డు ముట్టనన్నవాడు ఊరు తనకు అంటగట్టిన మైలను వదులుకుంటున్నాడు. విగ్రహం కొలవనన్నవాడు గ్రామదేవత జాతరలో డప్పు కొట్టనంటున్నాడు. అందుకే కరణాలూ మోతుబర్లూ అంత తీవ్రంగా ఎదురు తిరిగారు, బావుల దగ్గర, పనుల దగ్గర కొత్త క్రైస్తవులను వేధించారు. వాళ్ళకు అభ్యంతరం ఏసు మీద కాదు, ఆ కాదు అన్న మాట మీద.

ఇక కరువు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పనులు పెట్టింది. పనిలో మేస్త్రీలు మాదిగలను పురుగుల్లా చూస్తున్నారని క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ పనిని తానే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, చేసిన పనికి కూలి ఇప్పించాడు. తిండి కోసం చేరారన్న నింద రాకుండా సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ఆగిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ వాగులో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుంటూ, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

అయినా నింద ఆగలేదు, ఇప్పటికీ ఆగలేదు. బియ్యం కోసం మతం మారారన్న మాట ఈ నగరంలో చదువుకున్నవాళ్ళ నోటి నుంచీ వింటుంటాను. ఆకలి పాత్ర లేదని బుకాయించను, అంత కరువులో అది లేకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ మాట అనేవారు ఒక సంగతి మరుస్తారు. నోబుల్ బడిలో ఇంగ్లీషు నేర్చి కలెక్టరు కచేరీలో గుమాస్తా అయిన పై కులం కుర్రవాణ్ణి ఎవరూ జీతం కోసం చేరాడని తప్పుపట్టలేదు, తెలివైనవాడన్నారు. పేదవాడి కోరికలోనే అత్యాశ కనిపించడం, ఉన్నవాడి అత్యాశలో ముందుచూపు కనిపించడం మన చూపులో ఉన్న దోషం. నిజాం రాజ్యంలోని మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో పని ఇచ్చి తిండి పెడుతూ కట్టించిన కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. హైదరాబాదు నుంచి క్రిస్మస్‌కు బస్సులెక్కి అక్కడికి పోయేవారిలో సగంమందికి పైగా క్రైస్తవులు కారేమో అనిపిస్తుంది ఆ జనాన్ని చూస్తే. ఆ రాళ్ళు మోసినవాళ్ళ మనవలు మాత్రం దాన్ని మావాళ్ళు కట్టిన గుడి అంటారు. పాస్నెట్ దొర కట్టించింది అనడానికీ, మావాళ్ళు కట్టింది అనడానికీ మధ్య తేడా చిన్నది కాదు.

వాడు, అతడు, ఆయన

భాష దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ చిక్కు మన వ్యాకరణంలోనే ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి పూనుకున్నప్పుడు వాళ్ళకు సాయపడినవాడు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. ఆ తరువాత తెలుగు బైబిలు ఎన్నో చేతులు మారి ఇప్పటి రూపానికి వచ్చింది. మూలమైన గ్రీకులో ప్రథమ పురుష సర్వనామానికి అంతస్తులు లేవు. రాజయినా భిక్షగాడయినా ఒకటే మాట. తెలుగులో అలా కుదరదు. ప్రతి మనిషికీ వాడు, అతడు, ఆయన అనే మూడు మెట్లలో ఏదో ఒకటి కేటాయించకుండా వాక్యం ముందుకు సాగదు.

మన పాత తెలుగు బైబిలులో యోహాను సువార్త తెరిచి చూడండి. మూడో అధ్యాయంలో రాత్రివేళ ఏసును కలవడానికి వచ్చిన నికొదేము యూదుల అధికారి, పెద్దమనిషి. అతనికి అతడు దక్కింది. తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాడు, అడుక్కునేవాడు, చూపు వచ్చాక పెద్దల సభలో నిలబడి వాళ్ళకే ఎదురు ప్రశ్నలు వేసిన ధైర్యశాలి. అతను మాత్రం వాడు. ఏసు ఇద్దరితోనూ మాట్లాడతాడు, ఇద్దరినీ మన్నిస్తాడు, అనువాదం మాత్రం ఇద్దరినీ వేర్వేరు వరుసల్లో కూర్చోబెట్టింది. ఈ పని చేసింది సామ్రాజ్యం కాదు, మిషనరీల దురుద్దేశం అంతకన్నా కాదు. ఊళ్ళో ఎవరిని ఏమని పిలవాలో అన్న మన మర్యాద, దేవుడి వాక్యంలోకి కూడా నడిచి వచ్చింది. ఇటీవలి వాడుక భాషా అనువాదాల్లో ఈ మెట్లు కొంత సర్దుకున్నాయి.

ఇంగ్లీషువారు మానవ గౌరవం అని దేన్ని అంటారో దానికి మన భాషలో అచ్చమైన పాత మాట వెతికితే దొరకడం కష్టం. మర్యాద ఉంది, కానీ అది వయసును బట్టి, పెద్దరికాన్ని బట్టి, వరుసను బట్టి ఇచ్చేది. మానం ఉంది, కానీ అది పోగొట్టుకునేది, కాపాడుకునేది. మనిషి అయిన కారణంగానే అందరికీ సమానంగా ఉండేదానికి ఆత్మగౌరవం అన్న మాటను దళిత ఉద్యమాలు బలంగా వాడుకలోకి తెచ్చాయి. ఆ మాటలోని ఆత్మ గమనించదగినది. అది ఎవరో ఇచ్చేది కాదు.

ఎరుకల తల్లి చేతి చీటీ

దయ ఎంతదాకా పోగలదో చెప్పడానికి స్టువర్టుపురం కంటే గట్టి ఉదాహరణ తెలుగునేల మీద లేదు. ఎరుకలవారు ఒకప్పుడు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్ళకు తిరిగిన సంచార వ్యాపారులు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైళ్ళ రాక వాళ్ళ బతుకుతెరువును తుంచేశాయి. బతుకు పోయినవాళ్ళు తిరుగుతూ కనిపిస్తే ప్రభుత్వానికి అనుమానం. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశాక, పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి మొత్తం తెగలను సెటిల్‌మెంట్లలో ఉంచారు. బాపట్ల దగ్గరి ఆ సెటిల్‌మెంటుకు మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టి నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు.

ఇక్కడ ప్రభుత్వమూ మతమూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి, దాపరికం లేదు. హాజరు పిలిస్తే పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. చీరాల పొగాకు కంపెనీలో కూలికి పంపేవారు. బడీ, ఆసుపత్రీ, ప్రార్థనా కూడా అక్కడే. నిర్వాహకులు తాము ఉద్ధరిస్తున్నామనే మనస్ఫూర్తిగా నమ్మారు. ఎరుకల తల్లి మాత్రం బిడ్డ జబ్బు పడితే పక్క ఊరి చుట్టాల దగ్గరికి పోవడానికి కూడా చీటీ కోసం నిలబడాలి. కాలువ పనిలో క్లౌ కూలి ఇచ్చిన మాదిగకూ, చీటీ ఇచ్చి పంపిన ఎరుకలకూ మధ్య ఉన్న తేడా ఇదే: మొదటివాడు పని నచ్చకపోతే వెళ్ళిపోవచ్చు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ ఊరి పేరు చెబితే కొందరి కనుబొమలు ఇప్పటికీ లేస్తాయి.

స్నేహితులను ఇవ్వండి

దయకూ గౌరవానికీ తేడాను మిషను లోపలి నుంచే బట్టబయలు చేసినవాడు డోర్నకల్ అజరయ్య. పూర్తి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య, తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో నడిపిన మిషను తరఫున 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని మాల మాదిగల మధ్య పనిచేశాడు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సమావేశం జరిగింది. అక్కడ ముప్ఫై అయిదేళ్ళ ఈ తమిళ బోధకుడు తెల్ల మిషనరీల నిండు సభలో లేచి చెప్పిన సారాంశం ఇది. మీరు పేదల కోసం ఆస్తులు ధారపోశారు, దేహాలను అర్పించారు. వాటికి రాబోయే తరాలు కృతజ్ఞులై ఉంటాయి. మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి.

ఆ ప్రసంగంలో అంతగా ఎవరూ గుర్తు చేసుకోని భాగం ఒకటి ఉంది. ఎదురు పలకరింపులు, చేతులు కలపడాలు, కుర్చీలు, విందులు, తేనీళ్ళు వాటికోసమే కావాలని తాను అడగడం లేదని, స్నేహభావానికి గుర్తులైతే మాత్రం అవన్నీ, ఇంకా ఎక్కువే కావాలని అజరయ్య అన్నాడు. కుర్చీ అన్న మాట అక్కడ ఊరికే రాలేదు. ఏళ్ళ తరబడి తన పక్కన పనిచేసిన భారతీయ బోధకుడికి బంగళా వరండాలో కుర్చీ వేయాలా వద్దా అన్నది అప్పటి మిషను జీవితంలో నిజమైన సమస్య. సువార్త కోసం ప్రాణం ఇవ్వగల మనిషికి కుర్చీ ఇవ్వడం కష్టమైంది! సభలో కొందరికి ఆ మాటలు మింగుడుపడలేదు. రెండేళ్ళ తరువాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో అజరయ్యకు ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం జరిగింది. తెల్ల గురువులు భారతీయ బిషప్ కింద పనిచేస్తారా అన్న సంశయం అప్పటికీ గుసగుసగా నడుస్తూనే ఉంది. ఆయన డోర్నకల్‌లో కట్టించిన కెథడ్రల్‌లో తామర పూల స్తంభాలు, గుమ్మటాలు, మినార్లు ఒకే కప్పు కిందికి వచ్చాయి. రాతిలో ఆయన కలిపినంత తేలికగా వాడల్ని కలపలేకపోయాడు. ఒక మిషను మాలలది, మరొక మిషను మాదిగలది అయిపోయిన చోట్ల సమాధుల దగ్గర కూడా గోడ నిలిచింది.

రెసిడెన్సీ నుంచి నడిచి పోయేంత దూరంలో ఇసామియా బజారు ఉంది. 1888లో ఈ నగరంలో మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్య, అంటే భాగ్యరెడ్డి వర్మ, 1910లో అక్కడ ఆది హిందువులని తాము పిలుచుకున్న దళితుల పిల్లలకు బడి పెట్టాడు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు బడి. ఏ దొరా ఆయనకు దారి చూపలేదు, ఏ దొర దయా ఆయనకు అక్కర్లేకపోయింది. 1917లో విజయవాడలో పంచమ మహాసభ పేరుతో ఏర్పాటైన సభకు అధ్యక్షుడిగా వెళ్ళి, అక్కడ మొదట ఆ పేరు మీదే అభ్యంతరం చెప్పాడు. పంచమ అన్న మాట పురాణాల్లో లేదని, తాము ఈ నేలకు మూలవాసులమని వాదించి సభ పేరును ఆది ఆంధ్ర మహాసభగా మార్పించాడు. ఆ తరువాత ప్రభుత్వ కాగితాల్లో కూడా ఆ పేరు ఎక్కింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యం ఆది హిందువులను ఆ పేరుతోనే లెక్కించింది. లండన్ చర్చిలో సాహెబ్ బేగంకు ఎవరో పేరు పెట్టారు. బందరు బడిలో పంచమ అన్న పేరే తలుపు మూసింది. భాగ్యరెడ్డి వర్మ మాత్రం తనవాళ్ళ పేరును తానే నిర్ణయించి, రాజ్యం చేత రాయించాడు. ఈ మొత్తం చరిత్రలో అంతకంటే పెద్ద మలుపు నాకు కనిపించదు.

స్వతంత్ర రాజ్యాంగం వచ్చాక కూడా పేరు చిక్కు తీరలేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం, ఇస్లాం స్వీకరించిన దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులు బీసీ-సి, వాళ్ళకు ఒక శాతం రిజర్వేషను. మతం మారితే అంటరానితనం పోతుందన్న నమ్మకం మిషనుది. పోయిందని చట్టం కూడా నమ్మినట్టు నటిస్తుంది. పల్లెలో బావి దగ్గర మాత్రం ఎవరూ బాప్తిస్మ పత్రం చూపమని అడగరు. అందుకే చాలా ఇళ్ళలో ఒకే మనిషికి రెండు పేర్లు: ఆదివారం ఒకటి, మిగతా రోజులు ఒకటి. 2022 అక్టోబరులో ఈ ప్రశ్న మీద కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషనును వేసింది.

పోయిన ఏడాది వేసవిలో సికింద్రాబాదు వైపు ఒక మీసేవా కేంద్రంలో వరుసలో నా ముందు ఒక పెద్దామె నిలబడింది. మనవరాలి కులధ్రువపత్రం కోసం వచ్చింది. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, బడి టీసీ, ఇంకేవో మడతలు పడిన కాగితాలు. కంప్యూటర్ ముందున్న కుర్రవాడు తల ఎత్తకుండా అడిగాడు.

“తల్లి పేరు ఏం వెయ్యాలమ్మా? ఆధార్‌లో ఒకటుంది, దీంట్లో ఒకటుంది.”

“రెండూ దానివే బాబూ,” అంది ఆమె. “బడిలో రాసింది వెయ్యి.”

కుర్రవాడు ఆ పేరు కొడుతూ, కాలితో పక్కనున్న స్టూలును ఆమె వైపు జరిపి, “కూర్చోండమ్మా, ప్రింట్ రావడానికి టైం పడుద్ది” అన్నాడు.